బర్గర్ రేటు ఒకటి, బిల్లు ఇంకొకటి

శ్రోతలకు నమస్కారం.

పిల్లల్ని తీసుకుని మాల్‌కి వెళ్తే ఫుడ్ కోర్టు దగ్గర పంచాయితీ తప్పదు. ఒకరు మెక్‌డొనాల్డ్స్ అంటారు, ఇంకొకరు బర్గర్ కింగ్ అంటారు. జేబు మనది కాబట్టి, ఎక్కడ గిట్టుబాటు అవుతుందో మనం చూసుకోవాలి కదా!

అసలు ఈ బర్గర్ అంత చవగ్గా ఎలా వచ్చిందో తెలిస్తే లెక్క సులువవుతుంది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు బాగా నడుస్తున్న తమ హోటల్‌ని మూసి, పద్ధతి మార్చి మళ్లీ తెరిచారు. కార్ల దగ్గరికి వెళ్లి వడ్డించే అమ్మాయిల్ని మాన్పించేశారు. ప్లేట్లు, స్పూన్లు తీసేసి కాగితంలో చుట్టి ఇచ్చారు. మెనూలో తొమ్మిది రకాలే ఉంచారు. బర్గర్ ధర 15 సెంట్లు. అంటే సర్వర్ చేసే పని మనమే చేస్తున్నాం కాబట్టే ధర తగ్గింది. ట్రే మనమే మోసుకోవాలి, కాగితాలు మనమే చెత్తబుట్టలో వేయాలి. అక్కడికి వెళ్లి మర్యాదలు జరగలేదని అలిగితే లాభం లేదు. చూడాల్సింది రెండే: ఎంత త్వరగా ఇచ్చారు, తప్పు జరిగితే ఎలా సరిదిద్దారు.

మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో అడుగుపెట్టింది. బీఫ్, పోర్క్ పక్కన పెట్టి ఆలూ టిక్కీని బన్నులో పెట్టింది. శాకాహారం వంట వేరు, మాంసాహారం వంట వేరు. బర్గర్ కింగ్ 2014లో వచ్చింది. అమెరికాలో ఆ కంపెనీ 1974 నుంచే 'మీకు నచ్చినట్టు చేయించుకోండి' అని ప్రచారం చేసుకుంది. ఒకరిది వేగం, ఇంకొకరిది మన ఇష్టం. ఉల్లిపాయ వద్దని చెప్పి చూడండి, ఆ మాట వంటగది దాకా చేరుతుందో లేదో అక్కడే తేలిపోతుంది!

ఇక డబ్బు సంగతి. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే చిన్న బర్గర్ ధర మనల్ని లోపలికి పిలవడానికే. కంపెనీకి అసలు లాభం కూల్‌డ్రింక్‌లో, ఫ్రైస్‌లో ఉంటుంది. అందుకే కౌంటర్‌లో కుర్రాడు "కాంబో చేసేయమంటారా సార్?" అని తప్పకుండా అడుగుతాడు. డ్రింక్ ఎలాగూ తాగుతాం అనుకుంటే కాంబో లాభమే. లేదంటే అక్కర్లేనిది తగ్గింపు ధరకి కొన్నట్టు. గ్లాసులో సగం ఐసే ఉంటుంది, ఐస్ తక్కువ వేయమని అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇంటికి తెప్పించుకుంటే లెక్క మొత్తం మారిపోతుంది. యాప్‌లో చాలాసార్లు ధరే ఎక్కువ ఉంటుంది. దాని మీద ప్యాకింగ్, డెలివరీ ఛార్జీలు. ఇంత ఇచ్చాక వచ్చేది మెత్తబడి వేలాడే ఫ్రైస్! నన్నడిగితే బర్గర్ షాపులో కూర్చుని తినాల్సిందే.

టచ్ స్క్రీన్ల సంగతి కూడా చెప్పాలి. కుర్రకారుకి హాయే. కళ్లజోడు సరిచేసుకుంటూ స్క్రీన్ మీద వెజ్ గుర్తు కోసం వెతుకుతున్న పెద్దాయన దగ్గరికి ఎవరైనా వచ్చి "ఏం కావాలి బాబాయ్?" అని అడిగితే, నా దృష్టిలో ఆ షాపుకే ఎక్కువ మార్కులు.

పార్సిల్ తీసుకుంటే కౌంటర్ దగ్గరే సంచి విప్పి చూసుకోండి. బిల్లు పారేయకండి. ఏదైనా తేడా వస్తే ముందు మేనేజర్‌ని అడగండి, అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఉంటాను మరి, నమస్కారం.