రెండు రంగుల చెక్కతో చారల కటింగ్ బోర్డ్

అందరికీ నమస్కారం. ఈరోజు ముదురు రంగు వాల్‌నట్, లేత రంగు మేపుల్ బద్దల్ని పక్కపక్కన అతికించి చారల కటింగ్ బోర్డ్ చేద్దాం. పెద్ద మెషీన్లు లేకపోయినా పర్లేదు, మంచి రంపం, పదునైన చిత్రిక, బద్దల్ని బిగించి పట్టే నాలుగు క్లాంపులు ఉంటే ఇంట్లోనే అయిపోతుంది.

చెక్క గట్టిదై ఉండాలి, బాగా ఆరి ఉండాలి. పచ్చి చెక్కతో మొదలుపెడితే తర్వాత ఎంత శ్రద్ధ పెట్టినా వంకర తిరుగుతుంది.

బద్దలన్నీ 25 మిల్లీమీటర్ల మందంలో కోశాను. వెడల్పులు మాత్రం చూడండి, ఒకటి సన్నం, ఒకటి వెడల్పు, కావాలనే అలా పెట్టాను, అన్నీ సమానంగా ఉంటే బోర్డుకి కళ రాదు. జిగురు డబ్బా తెరవకముందే వీటిని టేబుల్ మీద పరిచి, తిప్పి, స్థానాలు మార్చి, కాస్త దూరం నుంచి చూడండి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఒక్కటి మాత్రం తప్పకూడదు, అన్ని బద్దల గ్రెయిన్, అంటే చెక్కలోని నారల వరస, ఒకే దిక్కున, పొడవు వెంట ఉండాలి. చెక్క తేమ పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే అందం కోసమని రెండు చివర్లా అడ్డంగా పట్టీ పెట్టి మొత్తం జిగురుతో బిగిస్తే, ఒకటి కదులుతానంటుంది, ఇంకోటి కదలనివ్వదు, చివరికి పగులు వస్తుంది. అలంకారం రంగుల కూర్పులోనే చూపించండి.

ఇప్పుడు అతుకు. రెండు బద్దల్ని చేత్తో ఆనించి లైటుకి ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టాల్సిందే. క్లాంప్ బిగిస్తే మూసుకుంటుందిలే అని వదిలేయకండి, బలవంతంగా మూసిన సందు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది.

జిగురు నీటికి తట్టుకునేది, ఆరాక ఆహారానికి తగిలినా ఫర్వాలేదని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకోండి. అంచులకి పలచగా, ఎక్కడా ఖాళీ లేకుండా పూయండి. క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పెట్టండి, అన్నీ ఒకే వైపు పెడితే బోర్డు విల్లులా వంగుతుంది. బయటికి వచ్చిన జిగురుని తడిగుడ్డతో తుడిస్తే చెక్కలోకి ఇంకి, తర్వాత నూనె పట్టని మచ్చలు మిగులుతాయి, కాబట్టి కొంచెం గట్టిపడ్డాక ఉలితో గీకేయండి. ఒక రోజు కదిలించకండి.

మర్నాడు సాండింగ్, అంటే గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం. మాస్క్ తప్పనిసరి, వాల్‌నట్ పొడి కొందరికి అస్సలు పడదు. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180, 220 వరకూ, నంబరు పెరిగే కొద్దీ కాగితం నున్నన, వరసగా, ఏదీ దాటేయకుండా వెళ్లండి. తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడవండి, నారలు లేచి గరుకుగా తగులుతుంది, ఆరాక మళ్లీ 220తో తేలిగ్గా రుద్దండి. ఇది ఇప్పుడు చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడే బోర్డు గరుకెక్కుతుంది.

చివరగా ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్. వంటనూనె వద్దు, కొన్నాళ్లకి మక్కు వాసన వస్తుంది. చూడండి, నూనె తగలగానే వాల్‌నట్ రంగు ఎలా పైకి వస్తుందో! పైన, కింద, అంచులకి, అన్నిటికీ పట్టించండి, ఒక్క వైపే రాస్తే రెండో వైపు తేమ పీల్చి బోర్డు వంగుతుంది. కోసిన చివర్లు ఎక్కువ తాగుతాయి, అక్కడ రెండు మూడు సార్లు రాయండి. రాత్రంతా వదిలేసి, మిగిలిన నూనె పొడిగుడ్డతో తుడిచేస్తే బోర్డు వాడుకోవచ్చు.