మొహం చూసి మాట్లాడండి

అందరికీ నమస్కారం. హైస్కూల్లో బధిరుల సైన్ లాంగ్వేజ్‌ని ఒక సబ్జెక్టుగా పెడదాం అనగానే, అవి ఉత్త సైగలే కదా, దానికో పీరియడ్ ఎందుకు అంటారు చాలామంది. సైగలు కావండీ, భాషే. 1960లో విలియం స్టోకీ అనే ప్రొఫెసర్ అమెరికన్ సైన్ లాంగ్వేజ్ మీద రాస్తూ తేల్చి చూపించారు, చెయ్యి ఏ ఆకారంలో ఉంది, ఎక్కడ పెట్టారు, ఎటు కదిలింది, ఇవన్నీ కలిస్తేనే ఒక మాట అవుతుందని. వీటిలో ఒక్కటి మారినా అర్థం మారిపోవచ్చు. ఇంకోటి, ఇది లోకమంతా ఒక్కటే భాష కూడా కాదు, ఇంగ్లీషు మాట్లాడే బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో వేరొకటి, అమెరికాది ఫ్రెంచ్ సైన్ లాంగ్వేజ్‌కి చుట్టం, ఎందుకంటే 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి పెట్టినప్పుడు పారిస్ నుంచి లారెంట్ క్లెర్క్ అనే బధిర టీచరే వచ్చి పాఠాలు చెప్పారు.

నేను ఒక క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూశాను. టీచర్ బధిరురాలు, క్లాసులో ఎవరూ నోరు తెరవకూడదు. పిల్లలందరూ ఆవిడ చేతులే చూస్తున్నారు, ఆవిడేమో మాటిమాటికీ తన కళ్ళ వైపు వేలు చూపిస్తున్నారు, మొహం చూడండర్రా అని. ఎందుకంటే వాళ్ళు నేర్చుకునే ఆ భాషలో అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నకి కనుబొమ్మలు పైకి లేస్తాయి, ఎక్కడ ఎందుకు అని అడిగితే ముడిపడతాయి. మొహం కదలకపోతే ప్రశ్నే లేదు! ఒక అబ్బాయి పక్కవాడి భుజం తట్టి పిలవడానికి కూడా మొహమాటపడ్డాడు, పాపం, కానీ వినపడని చోట అదే మర్యాద.

చరిత్ర కూడా చెప్పాలి పిల్లలకి, దాచకుండా. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల టీచర్ల మహాసభ పెట్టి, బధిర పిల్లలకి నోటి మాటతోనే చదువు చెప్పాలని తీర్మానం చేశారు, దాంతో చాలా దేశాల్లో బడుల నుంచి వాళ్ళ భాషని వెళ్ళగొట్టారు. తప్పు జరిగిందని 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అలాంటి మహాసభే జరిగినప్పుడు గానీ ఒప్పుకోలేదు. నూట ముప్పై ఏళ్ళండీ! ఎన్ని తరాల పిల్లలు!

అందుకే నేను గట్టిగా అడిగేది, ఈ సబ్జెక్టు బధిరుల చేతే చెప్పించండి, వీడియోలు చూసి నాలుగు సైన్‌లు బట్టీ పట్టిన వాళ్ళతో కానివ్వకండి. ఆ టీచరమ్మ ఈరోజు ఇక్కడికే వచ్చారు. మీ ప్రశ్నలు ఆవిడనే అడగండి, ఇంటర్‌ప్రెటర్ ఉన్నారు, కానీ అడిగేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ వైపు తిరక్కండి, ఆవిడ మొహం చూసి అడగండి.