మనసు మాత్రలు, గుండె దడ: ఫోన్-ఇన్‌లో డాక్టరుగారి జవాబులు

ప్రయోక్త: నమస్కారం. మానసిక సమస్యలకు వాడే మందులకీ గుండెకీ సంబంధం ఏమిటన్నది ఇవాళ్టి విషయం. సైకియాట్రిస్టు డాక్టరుగారు మనతో ఉన్నారు. మొదటి కాల్. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: నమస్తే డాక్టరుగారూ. మా అమ్మ గురించండీ. 68 ఏళ్లు. డిప్రెషన్‌కి రెండేళ్లుగా ఎస్సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. బాగానే ఉంది. మూడు రోజులుగా విరేచనాలు పట్టుకున్నాయి. ఇందాక కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఉన్నట్టుండి తల వాల్చేసింది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. అర నిమిషానికి కళ్లు తెరిచి "ఏమైందే?" అంది. నీరసమే కదండీ?

డాక్టర్: ఆగండమ్మా. లేచి నిలబడబోతూ వాలిపోయారా, కూర్చునే ఉన్నారా?

శ్రోత: కూర్చునే ఉందండీ. అసలు లేవనే లేదు.

డాక్టర్: విరేచనాలకి ఏమిచ్చారు?

శ్రోత: అజిత్రోమైసిన్. వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్. బీపీకి నీళ్ల మాత్ర, అదే మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది, ఎప్పట్నుంచో ఉంది.

డాక్టర్: అయితే దీన్ని నీరసం కింద కొట్టేయకండి. ఫోన్ పెట్టగానే అంబులెన్స్ పిలిచి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ చూసేదాకా ఏ మాత్రా ఇవ్వకండి. ఎందుకో చెబుతాను, రెండు నిమిషాలు వినండి. లేస్తున్నప్పుడు కళ్లు తిరిగితే బీపీ పడిందేమో అనుకుంటాం. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మనసు మందులు వాడేవాళ్లలో అది తరచూ చూస్తాం. మంచం అంచున కాసేపు కూర్చుని నెమ్మదిగా లేస్తే చాలామందికి సర్దుకుంటుంది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలిపోతే మాత్రం నాకు ముందు గుండె లయ మీదే అనుమానం.

గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకునే ముందు దాని కరెంటు కుదుటపడాలి. ఈసీజీలో ఆ మొత్తం వ్యవధిని క్యూటీ అంటాం. గుండె వేగాన్ని బట్టి సరిచేసి లెక్కేస్తే అది మగవాళ్లలో 450, ఆడవాళ్లలో 460 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. 500 దాటిందంటే ప్రమాదం దగ్గరికొచ్చినట్టే. పూర్తిగా కుదుటపడకముందే ఇంకో దెబ్బ పడితే లయ మెలిక పడిపోతుంది. ఈసీజీ గీత పురి పెట్టిన తాడులా కనిపిస్తుంది. దీన్ని టోర్సాడ్ అంటారు. 1966లో డెస్సెర్టెన్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వర్ణించారు. చాలాసార్లు కొన్ని క్షణాల్లో దానంతటదే ఆగుతుంది. అప్పుడు మనిషి లేచి, మీ అమ్మగారిలాగే, ఏమైందని అడుగుతారు. ఆగకపోతే ప్రాణానికే ముప్పు.

మీ అమ్మగారు వేసుకుంటున్న ఎస్సిటలోప్రామ్, అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్, ఈ మూడూ క్యూటీని పొడిగించేవే. పైగా విరేచనాలతో, నీళ్ల మాత్రతో ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం లవణాలు పడిపోయి ఉంటాయి, అదీ క్యూటీని పొడిగిస్తుంది. విడిగా అయితే ఏదైనా తట్టుకునేవారేమో, అన్నీ ఒకే వారంలో వచ్చి పడ్డాయి.

శ్రోత: అయ్యో... అయితే డిప్రెషన్ మాత్ర పూర్తిగా మానిపించాలా అండీ?

డాక్టర్: ఈసీజీ, రక్త పరీక్ష చూశాక అక్కడి డాక్టరు తేలుస్తారమ్మా. 65 దాటాక ఈ మందు మామూలుగా 10 మిల్లీగ్రాములు మించనివ్వం, అది కూడా వాళ్లు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఒకటుంది. మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లి, ఎస్సిటలోప్రామ్ పేరు ముందు మీరే చెప్పండి. మనసు మాత్ర అనేసరికి నామోషీతో దాచేస్తారు. విరేచనాలకు మందు రాసినాయనకు ఈ సంగతి తెలిసి ఉంటే వేరే యాంటీబయాటిక్ చూసేవారు కదా! ఇక బయల్దేరండమ్మా.

ప్రయోక్త: తర్వాతి కాల్. చెప్పండి.

రెండో శ్రోత: సార్, మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. దానికి క్లోజపిన్ మొదలుపెట్టి మూడు వారాలైంది. నిన్నట్నుంచి జ్వరం, గుండె దడ. నాడి నిమిషానికి 120 దాకా ఉంది. వైరల్ జ్వరమేమో, పారాసిటమాల్ వేసి చూద్దామా?

డాక్టర్: చూడొద్దు బాబూ, ఈ రాత్రి డోసు వేయకముందే ఆస్పత్రిలో ఉండాలి. క్లోజపిన్‌తో నాడి వేగం పెరగడం మామూలే, దానికి కంగారు పడం. కానీ మొదటి నెల, రెండు నెలల్లో జ్వరం కూడా తోడైతే గుండె కండరానికి వాపు వచ్చిందేమో చూడాలి. అరుదే, అయినా పట్టుకోకపోతే చాలా చెడ్డది. ట్రోపోనిన్, సీఆర్‌పీ అనే రక్త పరీక్షలు, ఈసీజీ, గుండె స్కానింగ్ అంటే ఎకో చేయించమని అడగండి. తెల్ల రక్తకణాలు తగ్గిపోయాయేమో కూడా చూడాలి, ఈ మందు వాడేవాళ్లలో జ్వరానికి అదీ ఒక కారణమే. మందు ఆపాలా వద్దా అన్నది అక్కడే తేలుస్తారు. మధ్యలో రెండు రోజులు దాటి మానేస్తే మాత్రం పాత డోసు నేరుగా వేయకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది గుర్తు పెట్టుకోండి.

ప్రయోక్త: ఇంకో కాల్. హలో అండీ.

మూడో శ్రోత: డాక్టరుగారూ, ఇదంతా వింటూ నా డిప్రెషన్ మాత్ర సెర్ట్రలిన్ పక్కన పెట్టేశానండీ. నాకు పోయినేడు గుండెపోటు వచ్చింది. భయమేసింది.

డాక్టర్: భయం వేయడం సహజమేనండీ. కానీ మీ విషయం వేరు. గుండెపోటు వచ్చి డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకే సెర్ట్రలిన్ ఇచ్చి చూసిన అధ్యయనం 2002లో వచ్చింది. గుండెకి హాని కనబడలేదు. అందుకే మీలాంటి వాళ్లకి మేం ముందు దాన్నే ఆలోచిస్తాం. డిప్రెషన్‌ని అలా వదిలేస్తేనే గుండెకి చేటు. రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారా?

శ్రోత: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అండీ.

డాక్టర్: వాటితో కలిస్తే రక్తస్రావం కాస్త ఎక్కువ కావచ్చు. మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. సెర్ట్రలిన్ రోజూ ఎప్పుడు వేసుకుంటారు?

శ్రోత: రాత్రి తొమ్మిదింటికి.

డాక్టర్: ఇంకా తొమ్మిది కాలేదు. ఆ అట్ట మళ్లీ మందుల డబ్బాలో పెట్టేయండి.