తగను అని మనమే అంటాం, కానీ

అందరికీ నమస్కారం.

ఇవాళ వినయం గురించి మాట్లాడుకుందాం. రేడియో కట్టేయకండి, ఇది నీతిబోధ కాదు. వినయం అనగానే తల వంచుకుని, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడే మనిషి బొమ్మ ఒకటి మనకు కళ్ళముందు కనబడుతుంది చూడండి, నా పేచీ అంతా ఆ బొమ్మతోనే.

కతోలిక భక్తిజీవితంలో మనల్ని మనం తగ్గించుకునే మాటలకు కొదవ లేదు. దివ్యబలిపూజ, అంటే గుళ్ళో అందరం కలిసి చేసే ఆరాధన, మొదలవుతూనే గుండె మీద కొట్టుకుని నా పాపమే, నా పాపమే అంటాం. ఆ పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, అదే దివ్యసత్ప్రసాదం, తీసుకునే ముందు, కఫర్నాములో ఆ రోమా శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, ప్రభువైన యేసుతో అన్న మాటనే, నీవు నా ఇంట్లో అడుగుపెట్టటానికి నేను తగను అన్న మాటనే, కాస్త మార్చి మనమూ అంటాం. విభూతి బుధవారం నాడు నుదుటి మీద బూడిద రాయించుకుని, మట్టివి, మళ్ళీ మట్టిలోనే కలుస్తావు అని చెప్పించుకుని మరీ వస్తాం. మూలపాపాలు ఏడు అని జ్ఞానోపదేశంలో చిన్నప్పుడే నేర్పించారు, అందులో మొదటిది గర్వం. ఎవరినైనా పునీతులుగా, అంటే పరిశుద్ధులుగా, ప్రకటించాలంటే వాళ్ళ జీవితాన్ని తిరగేసి చూసే విచారణలో వినయం కూడా ఒక అంశం.

ఇంత సాధన ఉంది కదా, మరి ఒక్క సంగతి ఆలోచించండి. గుళ్ళో నేను తగను అని గట్టిగా అన్నాం. పూజ అయిపోయింది, బయటికి వచ్చాం. పండగ ఏర్పాట్ల గురించి మాట్లాడుకుంటుంటే ఎవరో, "ఈ పనికి మీరు తగరులెండి, ఈసారి వేరేవాళ్ళకి ఇద్దాం" అన్నారు. ఏమవుతుంది? ముఖం మాడిపోతుంది. ఆ మనిషితో మాటలు బంద్. ఇంటికొచ్చి నాలుగు రోజులు అదే తలుచుకుని కుమిలిపోతాం. పది నిమిషాల క్రితం దేవుడితో చెప్పిన మాటే కదా వాళ్ళూ అన్నది! మనం అంటే భక్తి, వాళ్ళు అంటే అవమానం.

ఈ తమాషా కొత్తదేమీ కాదు. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ జెనీవా బిషప్‌గా ఉండగా, సంసారులు కూడా భక్తిగా బతకటం ఎలాగో చెబుతూ 1609లో ఒక పుస్తకం అచ్చువేయించారు. అందులో వినయం గురించి చెబుతూ ఆయన సూటిగా ఒక చురక అంటించారు. మేము ఎందుకూ పనికిరాని వాళ్ళం అని తరచూ అంటుంటామట, కానీ ఎదుటివాడు ఆ మాటని నిజమని నమ్మేస్తే మాత్రం మనకు మహా కష్టంగా ఉంటుందట. నాలుగు వందల ఏళ్ళు దాటినా మనలో మార్పేమైనా ఉందా? నేనేం పెద్ద గొప్పవాణ్ణి కాదండీ అని ఎవరైనా అన్నప్పుడు, అబ్బే, మీరు అలా అనకూడదు అని మనం అనాలి. అది రివాజు. అనకపోతే గొడవే. అంటే అది వినయం కాదు, పొగడ్త రావటానికి వేసిన ఎర.

పాపసంకీర్తనంలో, అంటే గుడి గురువైన ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందేటప్పుడు, కూడా ఇదే ఆట ఆడతాం. "నేను మహా పాపిని ఫాదర్" అనటం చాలా తేలిక. ఎందుకంటే అందులో ఏమీ లేదు, అందరూ మహా పాపులే. అదే, "మా తమ్ముడికి మంచి ఉద్యోగం వచ్చిందని తెలిసి నాకు లోపల మంట పుట్టింది, అభినందనలు చెప్పటానికి రెండు వారాల పాటు ఫోన్ కూడా చేయలేదు, చేసినప్పుడు కూడా జీతం ఎంతో అడిగి, అంతేనా అన్నాను" అని చెప్పి చూడండి. నోరు రాదు. పెద్ద పెద్ద మాటల వెనక దాక్కోవటం సులువు, చిన్న సంగతి పేరు పెట్టి చెప్పటమే కష్టం. మఠవాసుల కోసం పునీత బెనడిక్టు గారు ఆరో శతాబ్దంలో రాసిన నియమావళిలో వినయానికి పన్నెండు మెట్లు చెప్పారు. అందులో అయిదోది ఇదే, మనసులో మెదిలే చెడ్డ ఆలోచనల్ని మఠాధిపతి దగ్గర దాచకుండా చెప్పేయటం. తల వంచుకుని నడవటం ఎక్కడుందో తెలుసా? పన్నెండో మెట్టు మీద. మనం ఆ చివరి మెట్టు నుంచి మొదలుపెడతాం, చూడటానికి బాగుంటుంది కదా.

ఇప్పుడు చిన్న తెరేసమ్మ గారి దగ్గరికి వద్దాం. ఫ్రాన్సులోని లిసియూ పట్టణంలో 1888లో, పదిహేనేళ్ళ వయసులో కార్మెల్ మఠంలో చేరి, 1897లో ఇరవై నాలుగేళ్ళకే క్షయ రోగంతో చనిపోయిన అమ్మాయి. 1997లో పోప్ రెండవ జాన్ పాల్ ఆమెను శ్రీసభ పండితురాలిగా, అంటే కతోలిక సంఘమంతటికీ బోధించదగ్గ గురువుగా, ప్రకటించారు. ఆమె తన జీవితం గురించి తనే రాసుకున్న పుస్తకంలో ఒక చిన్న ముచ్చట ఉంది. కిటికీ వెనక ఎవరో పెట్టిన చిన్న పాత్ర ఒకటి పగిలిపోయింది. కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే సిస్టర్ గారు అది తెరేస పనే అనుకుని, చూపించి, ఇకమీదట కాస్త జాగ్రత్తగా ఉండు అని మందలించారు. చేసింది తెరేస కాదు. ఆమె ఏమీ అనలేదు, వంగి నేలను ముద్దుపెట్టుకుని, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటానని చెప్పింది. ఇంతవరకే అయితే ఇది మామూలు పునీతుల కథ, మనం విని, ఆహా అని మర్చిపోతాం. కానీ ఆమె ఆ తర్వాత రాసినది చూడండి. ఇలాంటి చిన్న చిన్న పనులు కూడా తనకు ఎంతో కష్టంగా ఉండేవట, అందుకని కడపటి తీర్పు రోజున అన్నీ బయటపడతాయిలే అని తనకు తానే ధైర్యం చెప్పుకునేదట! పగిలిన ఒక చిన్న పాత్ర కోసం కడపటి తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది పాపం. నాకు ఆమె నచ్చేది అందుకే. నాకు ఏమీ అనిపించలేదు అని రాయలేదు. అనిపించింది, అయినా ఊరుకున్నాను, ఊరుకోవటానికి ఇదిగో ఇలా తంటాలు పడ్డాను అని ఉన్నదున్నట్టు రాసింది. నన్నడిగితే ఆ మందలింపుని భరించటం కన్నా, ఆ తంటాలు దాచకుండా రాయటంలోనే ఎక్కువ వినయం ఉంది.

ఫ్రాన్సులోని ఆర్స్ అనే పల్లెటూరి గురువు జాన్ మరియ వియాన్నీ కథ కూడా చాలామంది వినే ఉంటారు. చదువులో, ముఖ్యంగా లాటిన్‌లో బాగా వెనకబడి, కిందామీదా పడి గురువైన మనిషి. 1818లో ఆయన్ని రెండు వందల చిల్లర జనం ఉన్న ఊరికి పంపించారు. తర్వాత ఆయన దగ్గర పాపసంకీర్తనం చేయటానికి దేశం నలుమూలల నుంచి జనం విరగబడి రావటం మొదలైంది, దాంతో చుట్టుపక్కల గురువులు కొందరికి గిట్టలేదు. ఈయనకు చదువూ లేదు, తెలివీ లేదు, తీసేయండి అని పైవాళ్ళకి పంపటానికి ఒక అర్జీ రాసి సంతకాలు సేకరించారు. అది తిరిగి తిరిగి పొరపాటున ఈయన చేతికే వచ్చింది. చదివారు, కింద తన సంతకం కూడా పెట్టి పంపించేశారు. తగను అని దేవుడి ముందు అన్న మాటని మనుషుల ముందు, కాగితం మీద కూడా అనగలిగిన మనిషి ఆయన.

అయితే ఇక్కడ ఒక మాట. వినయం అంటే ఉన్న తెలివిని లేదనటం కాదు. అవిలాపురి తెరేసమ్మ గారు, ఈమె పదహారో శతాబ్దపు స్పెయిన్ ఆవిడ, దేవుడికి వినయం అంటే ఎందుకంత ఇష్టం అని ఆలోచించి, 1577లో రాసిన పుస్తకంలో జవాబు చెప్పారు: దేవుడు సత్యస్వరూపుడు, వినయమంటే సత్యంలో నడవటం, అందుకని. అలా చూస్తే, బాగా పాడగలిగిన మనిషి నాకు పాట రాదండీ అంటే అది వినయం కాదు, అబద్ధం. ఇచ్చినవాణ్ణి మర్చిపోయి అంతా నా ప్రతిభే అనటమూ అబద్ధమే. ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన ఆవిడ మూల కూర్చుని కళ్ళు మూసుకున్న మనిషి అనుకునేరు, ఎదురుగాలిలోనే పదిహేడు మఠాలు స్థాపించింది, అప్పులూ దావాలూ ప్రయాణాలూ అన్నీ చూసుకుంది. పునీత థామస్ అక్వినాసు కూడా పెద్ద పనులు తలపెట్టే ధైర్యం, వినయం ఒకదానికొకటి శత్రువులు కావనే చెప్పారు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి నేను కాస్త గట్టిగానే అంటాను. వినయం నాకోసం నేను అడుక్కోవాల్సిన వరమే గానీ, ఇంకొకరి నోరు మూయించటానికి వాడే ఆయుధం కాదు. ఇంట్లో కోడలు, ఆఫీసులో కింది ఉద్యోగి, సంఘంలో పేదవాడు, వీళ్ళు తమకు జరిగిన అన్యాయం చెప్పుకోబోతే, "వినయంగా ఉండమ్మా, ప్రభువు కూడా భరించాడు కదా" అని సర్దిచెబుతారు చూడండి, ఒళ్ళు మండుతుంది. ప్రభువు భరించింది నిజమే. కానీ ప్రధానార్చకుని ముందు నిలబెట్టినప్పుడు ఒక బంట్రోతు ఆయన చెంప మీద కొడితే, ఆయన ఏమన్నాడో యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో చదవండి. నేను తప్పుగా మాట్లాడితే ఆ తప్పేమిటో చూపించు, సరిగ్గానే మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. అదే రాత్రి, అంతకు కాస్త ముందు, ప్రభువు వంగి శిష్యులందరి కాళ్ళు కడిగింది కూడా అదే సువార్తలో ఉంది. వినయం ఉన్నవాడు ప్రశ్న అడగకూడదని ఎక్కడా లేదు.

సియెన్నాపురి కతెరీనమ్మ గారి సంగతే తీసుకోండి, బట్టలకు రంగులద్దే వాళ్ళ ఇంటి ఆడపిల్ల. పోప్ పదకొండవ గ్రెగరీ ఇప్పటి ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో కూర్చుని రోముకు రాకుండా ఉంటే, ధైర్యం తెచ్చుకుని బయలుదేరండి అని ఆయనకే ఉత్తరాలు రాసింది. 1377లో ఆయన రోముకు చేరారు. ఆస్ట్రేలియాలో పేదపిల్లలకు బడులు పెట్టిన మేరీ మకిల్లప్ గారిని 1871లో బిషప్ వెలివేశారు, కొన్ని నెలల తర్వాత ఆ బిషప్పే మరణశయ్య మీద ఉండి ఆ శిక్ష ఎత్తేశారు. 2010లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ రోజుల్లో ఆమె ఆయన మీద ద్వేషం పెంచుకోలేదు, అలాగని ఆ తర్వాత బడుల పని వదిలేయనూ లేదు.

కాళ్ళు కడగటం అన్నాం కదా, అక్కడ ఇంకో సంగతుంది. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు గురువుగారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతుంటే మనం కడిగేవాళ్ళనే చూస్తాం. 2013లో పోప్ ఫ్రాన్సిస్, పదవిలోకి వచ్చిన కొద్దిరోజులకే, రోములోని బాల నేరస్థుల జైలుకు వెళ్ళి అక్కడి పిల్లల కాళ్ళు కడిగి ముద్దుపెట్టుకున్నప్పుడు కూడా ప్రపంచమంతా ఆయన్నే చూసింది. సరే, చూడాల్సిందే. కానీ సువార్తలో ఇబ్బంది పడింది ఎవరు? శిష్యుడైన పేతురు. నా కాళ్ళు నువ్వు ఎన్నటికీ కడగకూడదు అన్నాడు. ఎంత భక్తి అనిపిస్తుంది. ప్రభువు మాత్రం మెచ్చుకోలేదు, కడగనివ్వకపోతే నీకూ నాకూ సంబంధం లేదన్నాడు. మనలో ఇలాంటి పేతుర్లు ఎంతమందో! అందరికీ పరిగెత్తుకెళ్ళి సాయం చేస్తారు, ఆస్పత్రిలో రాత్రంతా కూర్చుంటారు, కానీ తమకు ఒంట్లో బాగోలేకపోతే ఒక్కరికీ చెప్పరు, ఎవరైనా పలకరించటానికి వస్తే మీకెందుకండీ శ్రమ అని గుమ్మంలోంచే పంపించేస్తారు. ఇవ్వటంలో మనం కాస్త ఎత్తులో ఉంటాం. పుచ్చుకోవాలంటే దిగాలి. వయసు మీదపడ్డాక, ఒళ్ళు తుడవటానికి కూడా ఇంకొకరు కావాల్సి వచ్చినప్పుడు, ఏ ప్రార్థన పుస్తకమూ నేర్పని వినయం అక్కడ నేర్చుకోవాల్సి వస్తుంది, అది కూడా ఆరోగ్యం ఉన్నప్పుడు అలవాటు లేకపోతే చాలా కష్టమవుతుంది.

చివరగా ఒక ప్రార్థన గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. కార్డినల్ రఫాయేల్ మెరీ దెల్ వాల్ అని, ముప్పై ఎనిమిదేళ్ళకే 1903లో కార్డినల్ అయి, పోప్ పదవ పయస్ దగ్గర 1914 దాకా వాటికన్ రాజ్య కార్యదర్శిగా పనిచేసిన ఆయన పేరుతో ఒక వినయ ప్రార్థన ప్రచారంలో ఉంది. ఒకరు ఒక్కో వాక్యం చెబుతుంటే మిగతావాళ్ళు యేసూ, నన్ను విడిపించు అని జవాబిచ్చే తరహా ప్రార్థన. నన్ను మెచ్చుకోవాలన్న కోరిక నుంచి విడిపించు. నన్ను సలహా అడగాలన్న కోరిక నుంచి, నన్ను మర్చిపోతారన్న భయం నుంచి, నన్ను అనుమానిస్తారన్న భయం నుంచి విడిపించు. ఆ తర్వాత, నన్ను పక్కన పెట్టి ఇంకొకరిని ఎంచుకున్నా అలాగే జరగాలని కోరుకునే వరం ఇవ్వు అని సాగుతుంది. కొంతమందికి ఇది చదివితే భయం వేస్తుంది, నాకూ అర్థమవుతుంది. అప్పటికే ఇంట్లోనో బయటో చిన్నబుచ్చబడి, తానెందుకూ కొరగానని నమ్మే స్థితిలో ఉన్న మనిషికి ఈ ప్రార్థన నేనైతే ఇవ్వను, వాళ్ళకి ముందు కావాల్సింది దేవుడికి తామంటే ఎంత ఇష్టమో వినటం. మిగతావాళ్ళు మాత్రం, అంటే నాలాంటి వాళ్ళు, మొత్తం ఒక్కసారి గడగడా చదివేయకుండా నెమ్మదిగా చదవండి. ఏదో ఒక వాక్యం దగ్గర గొంతు తడబడుతుంది, దాన్ని దాటేసి కింది దానికి పోవాలనిపిస్తుంది. అక్కడ ఆగి, ఆ వాక్యం చదవగానే ఎవరి ముఖం గుర్తొచ్చిందో చూసుకోండి, ఈసారి పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు మహా పాపిని అనే మాట పక్కన పెట్టి, జరిగినది జరిగినట్టు గురువుగారితో చెప్పండి.

ఉంటాను మరి, నమస్కారం.