1995 ఫొటో పట్టుకుని మళ్లీ సింగపూర్‌కి

అందరికీ నమస్తే అండి. ఇవాళ పెర్త్‌లో మా వంటింట్లోంచి కాదు, సింగపూర్ నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఈ ఫొటో చూడండి. 1995 నాటిది. మాకు పెళ్లయి ఆరు నెలలు. మావారికి కౌలాలంపూర్‌లో ఉద్యోగం. రెండు రోజులు చూసొద్దామని అక్కడ రాత్రి రైలెక్కి వచ్చాం. సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం ముందు ఇద్దరం నిలబడ్డాం. రీల్లో 36 ఫొటోలుంటే, ఇద్దరం కలిసి ఉన్నది ఇదొక్కటే. దారిన పోతున్న ఒకావిడ తీసిపెట్టింది.

అదే చోట నిలబడి మళ్లీ తీయించుకోవాలని ఎన్నాళ్ల కోరికో. తీరా వస్తే, ఆ చోట మెర్లయనే లేదు! 1997లో ఎస్‌ప్లనేడ్ వంతెన వచ్చాక నీటివైపు నుంచి చూస్తే విగ్రహం కనపడకుండా పోయిందట. అందుకని 2002లో, 8.6 మీటర్ల ఎత్తున్న ఆ విగ్రహాన్ని అలాగే ఎత్తి, 120 మీటర్లు జరిపి ఇక్కడ నిలబెట్టారు. ఎదురుగా కనిపిస్తున్న మరీనా బే శాండ్స్ హోటల్ మూడు టవర్లు అప్పుడు లేవు, 2010లో వచ్చాయి.

నన్ను కదిలించింది టవర్లు కాదండీ, ఈ నీళ్లు. ఫొటోలో మా వెనక ఉన్నది ఉప్పునీరు. 2008లో మరీనా బ్యారేజీ కట్టి సముద్రాన్ని బయటే ఆపేశారు. ఊళ్లో కురిసిన వాన కాలువల గుండా ఇక్కడికే చేరుతుంది. శుద్ధి చేసి తాగడానికి ఇస్తారు. మాది ఒంగోలు. ట్యాంకర్ కోసం వరసలో బిందె పెట్టి, పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చుని చదువుకున్నదాన్ని. సముద్రం ఉన్న చోట మంచినీళ్ల చెరువు చూస్తుంటే గొంతు పట్టేసింది.

పొద్దున కోమల విలాస్‌లో టిఫిన్ చేశాం. 1947 నుంచీ ఉన్న హోటల్. అప్పుడూ అక్కడే తిన్నాం.

సాయంత్రం బుకిట్ తిమాలో రైలు వంతెన దగ్గరికి వెళ్లాం. మా రైలు ఆగిన తంజోంగ్ పగర్ స్టేషన్‌కి చివరి రైలు 2011 జూన్ 30న నడిచింది. ఆ రైలు దారినే ఇప్పుడు 24 కిలోమీటర్ల నడక బాట చేశారు. ఆ రోజు తెల్లవారుతుంటే ఈ ఇనప వంతెన మీదే మావారు నన్ను తట్టి, "లే లే, ఊరొచ్చేసింది" అన్నారు. ఇవాళ మోకాలి నొప్పితో మెల్లగా నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా మధ్యలో ఆగారు. కింద బస్సులు పోతున్నాయి. "నీకు కిటికీ పక్క సీటిచ్చాను, గుర్తుందా?" అని అడిగారు. నాకు గుర్తు లేదు. ఆయన ముప్పై ఏళ్లుగా దాచుకున్నారు.

ఫొటో ఇక్కడే తీయించుకున్నాం. జాగింగ్ చేస్తున్న ఒకావిడని అడిగితే ఆగి తీసింది. రీల్ అయిపోతుందన్న బెంగ లేదుగా, ఏడు తీసింది.