ఉప్పు సంగతి కూడా చెప్పండి

ప్రిన్సిపాల్ గారికి, ఉపాధ్యాయులకు, పిల్లలందరికీ నమస్కారం. ఉష్ణోగ్రత, లవణీయత (అంటే నీటిలో ఉప్పు పాలు), పీడనం సముద్రపు నీటి సాంద్రతను ఎలా మారుస్తాయో వరసగా చెప్పమన్నారు. వరస తప్పుతున్నాను, క్షమించండి. ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న సరకు పడవ మీద సరంగు. సముద్రం నుంచి మొగ దాటి గోదావరిలోకి ఎగువకు వచ్చేసరికి పడవ రెండు వేళ్ళు కిందికి దిగేది. సరకు అదే, మనుషులూ వాళ్ళే. "ఉప్పునీళ్ళు మోసినట్టు మంచినీళ్ళు మొయ్యవురా" అనేవాడు. తొమ్మిదో తరగతిలో ఆ మాట చెబితే మా మాస్టారు కూర్చోమన్నారు. వేడి నీళ్ళు తేలతాయి, చల్లటివి మునుగుతాయి, అంతవరకు రాయి చాలన్నారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

లీటరు మంచినీళ్ళు కిలో తూగితే సముద్రపు నీళ్ళు సుమారు 1025 గ్రాములు. మన వెచ్చటి సముద్రంలో ఒక డిగ్రీ వేడెక్కితే లీటరుకు తగ్గేది గ్రాములో మూడో వంతు. కిలో నీటిలో ఒక్క గ్రాము ఉప్పు తగ్గితే ముప్పావు గ్రాము తగ్గుతుంది. ఆ ఒక్క గ్రాము రెండు డిగ్రీల వేడిని మించిపోయింది, చూశారా!

పీడనం మాట త్వరగా చెప్పేస్తాను. నాలుగు కిలోమీటర్ల లోతున మన మీదుండే గాలి ఒత్తిడికి సుమారు 400 రెట్ల ఒత్తిడి ఉన్నా, దానివల్ల సాంద్రత పెరిగేది రెండు శాతం లోపే.

మళ్ళీ ఉప్పు దగ్గరికే వస్తాను. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ బంగాళాఖాతంలోకే దిగుతాయి. సముద్రాల సగటు లవణీయత కిలో నీటికి 35 గ్రాములైతే, ఉత్తరాన పైనీటిలో అది 30 కంటే కిందికి పడిపోతుంది. ఆ తేలిక నీరు మూతలా పరుచుకుంటుంది. తుపాను గాలికి కూడా అడుగు చల్లనీరు సులువుగా పైకి రాదు. పైనీరు వెచ్చగానే ఉండిపోయి తుపానుకు బలమిస్తుంది. చలికాలంలో అక్కడ పైనీటి కంటే దాని కింది పొర వెచ్చగా ఉంటుంది. మాస్టారి సూత్రం ప్రకారం అది పైకి తేలాలి. తేలదు! ఉప్పు పట్టి ఉంచుతుంది.

సైన్సు టీచర్లూ, దయచేసి ఇది పిల్లలకు చెప్పండి. తీరంలో పుట్టిన పిల్లలు వీళ్ళు.

ఈ గ్లాసులో చల్లటి మంచినీళ్ళున్నాయి. ఈ చెంబులో బీట్‌రూట్ రంగు కలిపిన గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. చివరి వరసలో కూర్చున్న అమ్మా, నువ్వు రా తల్లీ. అంచు వెంట మెల్లగా పొయ్యి. ఎరుపు ఎటు పోతుందో అందరికీ వినపడేలా చెప్పు.