మూతపడ్డ కొట్టు నుంచి శాసనసభకు
(వర్తక సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం అధ్యక్షులవారికీ, పెద్దలకూ, వెనక నిలబడి వింటున్న కుర్రాళ్ళకూ నమస్కారం. పొద్దున్నే కొట్లు తెరవాల్సినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

అబ్రహాం లింకన్ గురించి మనందరం బళ్ళో చదువుకున్నాం. దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టాడు, పొయ్యి వెలుగులో చదువుకున్నాడు, అమెరికా అధ్యక్షుడయ్యాడు. గుడిసెకీ అధ్యక్ష భవనానికీ మధ్య ఏం జరిగిందో ఆ పాఠంలో ఉండదు. ఆ మధ్యలో ఒక చిల్లర కొట్టు ఉంది. అది మూతపడింది. దాని అప్పులు నెత్తిమీద ఉండగానే, 25 ఏళ్ళ వయసులో ఆయన ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1834 నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచాడు. మన లెక్కలో చెప్పాలంటే ఆయన ముందు ఎమ్మెల్యే. నేను మాట్లాడబోయేది ఆ ఎమ్మెల్యే గురించే.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. మా నాన్నగారి కిరాణా కొట్టు నేను ఏడో తరగతిలో ఉండగా మూతపడింది. "ఐపీ పెట్టెయ్యవయ్యా, పీడా పోతుంది" అని చుట్టాలే సలహా ఇచ్చారు. ఆయన పెట్టలేదు. ఇంకొకరి కొట్లో గుమాస్తాగా చేరి నెలనెలా కట్టుకుంటూ వచ్చారు. ఒకటో తారీఖున కవర్లో డబ్బు పెట్టి నా చేతికిచ్చి పంపేవారు. పుచ్చుకున్నాయన ప్రోనోటు వెనక చెల్లు రాసుకుని, నాకు చూపించి, మళ్ళీ పెట్టెలో దాచుకునేవాడు. లింకన్ కొట్టు సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పెట్టె మూత చప్పుడు వినిపించింది. అప్పటినుంచి ఆ మనిషిని వదల్లేదు.

1831 ఏప్రిల్. శాంగమన్ అనే నది, దాని పక్కన గుట్టమీద న్యూ సేలం అనే పల్లె. మహా అయితే పాతిక కుటుంబాలు. నదిమీద పిండిమర, మర కోసం ఒక అడ్డుకట్ట. న్యూ ఆర్లీన్స్‌కు సరుకు తీసుకెళ్తున్న బల్లకట్టు ఒకటి ఆ కట్టమీద ఇరుక్కుపోయింది. ముందు భాగం కట్ట దాటి గాల్లోకి లేచింది. వెనక భాగం కుంగి నీళ్ళు నిండుతున్నాయి. ఊరంతా ఒడ్డుకు చేరింది. పడవమీదున్న పొడుగాటి కుర్రాడు సరుకు కొంత దింపించాడు, ఊళ్ళోంచి చిల్లులు పెట్టే బర్మా తెప్పించాడు, గాల్లో ఉన్న ముందు భాగానికి అడుగున చిల్లు పెట్టాడు. బరువు ముందుకు జరగ్గానే వెనక చేరిన నీళ్ళు ముందుకొచ్చి ఆ చిల్లులోంచి కారిపోయాయి. చిల్లు మూసి పడవను దాటించారు. పడవకు చిల్లు పెట్టి పడవను కాపాడినవాణ్ణి ఆ ఊరు మర్చిపోలేదు. సరుకు యజమాని డెంటన్ ఆఫట్ ఆ ఊళ్ళోనే కొట్టు పెట్టి, ఆ కుర్రాణ్ణి గుమాస్తాగా కూర్చోబెట్టాడు.

కొట్లో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి పంట పోయింది, ఎవరు అరువు తీరుస్తారు, ఎవరు తప్పించుకు తిరుగుతారు, అన్నీ తెలుస్తాయి. గుమాస్తాగా చేరి ఏడాది తిరక్కముందే, 1832 మార్చిలో, ఈయన శాసనసభకు పోటీ చేస్తున్నానని ప్రకటన ఇచ్చాడు. వయసు 23. డబ్బు లేదు, బంధుబలగం లేదు, బడికి వెళ్ళింది అన్నీ కలిపినా ఏడాది లేదు.

ఆ ప్రకటన ఇప్పటికీ చదవొచ్చు. మీరు తప్పకుండా చదవాలని నా కోరిక, ఎందుకంటే అది అచ్చం కొట్టువాడి ప్రకటన. మొదటి సమస్య రవాణా. సరుకు బయటికి పోవాలి, బయటి సరుకు చవగ్గా రావాలి. రైలు వేస్తే బాగుంటుంది కానీ అంచనా ఖర్చు 2,90,000 డాలర్లు, ఆ లెక్క చూస్తే గుండె జారిపోతుంది అన్నాడు. దానికన్నా మన నదినే బాగుచేసుకుందాం అన్నాడు. ఏడాదిగా ఈ నది నీటిమట్టాన్ని నా అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఎవరూ ఉండరేమో అని కూడా రాశాడు. నిజమే మరి, పడవ ఇరుక్కున్నది ఆయనదే కదా! రెండో సమస్య వడ్డీలు. విపరీతమైన వడ్డీలకు హద్దు పెడుతూ చట్టం రావాలన్నాడు. మూడోది చదువు. ఈ 2,90,000 అంకెను మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. 13 మంది పోటీ చేస్తే ఎనిమిదో స్థానం. కానీ సొంత ఊరూ చుట్టుపక్కలా కలిసిన పోలింగ్‌లో 300 ఓట్లలో 277 ఆయనవే. ఎంతమందికి ఆయన చేత్తో తూచి ఇచ్చాడో, ఇంచుమించు అంతమందీ ఓటేశారు. తెలియనిచోట పడలేదు. అంతే.

ఈలోపు ఆఫట్ కొట్టు మూతపడింది. ఉద్యోగం పోయింది. అప్పుడు విలియం బెర్రీ అనే స్నేహితుడితో కలిసి భాగస్వామ్యంలో సొంత కొట్టు కొన్నాడు. కొన్నాడంటే చేతిలో డబ్బుతో కాదు, నోటు రాసిచ్చి. ఆ తర్వాత ఊళ్ళో ఇంకో కొట్టు అమ్మకానికొస్తే ఆ సరుకూ నోటు రాసే కొన్నారు. పాతిక కుటుంబాల ఊరు, అరువు బేరాలు, పైగా యజమానికి పుస్తకాల పిచ్చి. చివరికి ఏమవుతుందో ఇక్కడున్న ఎవరైనా చెప్పగలరు. లింకన్ తర్వాత తన గురించి రాసుకుంటూ, రోజురోజుకూ అప్పుల్లో కూరుకుపోవడం తప్ప మేం చేసిందేమీ లేదు అన్నాడు. 1835 జనవరిలో బెర్రీ చనిపోయాడు. మొత్తం అప్పు, సుమారు 1,100 డాలర్లు, ఈయన నెత్తిన పడింది. స్నేహితుల దగ్గర దాన్ని 'జాతీయ రుణం' అనేవాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఇలాంటి పరిస్థితి వస్తే రాత్రికి రాత్రి ఊరొదిలి ఇంకా పడమరకి వెళ్ళిపోయేవారు. అడిగేవాడు ఉండడు. ఈయన వెళ్ళలేదు.

కొట్టు నడవకపోయినా ఊరు ఈయన్ని వదల్లేదు. 1833 మేలో పోస్ట్‌మాస్టర్ పని వచ్చింది. ఉత్తరాలు టోపీలో పెట్టుకుని ఇళ్ళకు తీసుకెళ్ళి ఇచ్చేవాడని చెబుతారు. తర్వాత భూములు కొలిచే సర్వే పని వచ్చింది. ఆ పని ఇచ్చిన జాన్ కాల్హూన్ ప్రత్యర్థి పార్టీ మనిషి. పుస్తకాలు తెచ్చుకుని, ఆ విద్య నేర్చుకుని, గొలుసు పట్టుకుని జిల్లా అంతా తిరిగాడు. నా దృష్టిలో ఇక్కడే ఆయన రాజకీయ జీవితం మొదలైంది. కొట్లో ఉన్నప్పుడు ఊరు తెలిసింది. గట్లు కొలుస్తూ తిరిగినప్పుడు జిల్లా తెలిసింది. గట్టు తగాదాల్లో ఈయన కొలిచిన కొలతకు రెండు పక్షాలూ ఒప్పుకునేవి. 1834 ఆగస్టులో మళ్ళీ నిలబడితే 1,376 ఓట్లు వచ్చాయి, 13 మందిలో రెండో స్థానం. జిల్లాకు సీట్లు నాలుగు కాబట్టి గెలిచాడు. అవతలి పార్టీవాళ్ళు కూడా ఓటేశారు.

ఎమ్మెల్యే అయ్యాడని అప్పులవాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన కోర్టుకెళ్ళాడు. గుర్రం, జీను, సర్వే పరికరాలు జప్తయి వేలానికొచ్చాయి. అంటే ఆయనకు అన్నం పెట్టే పనిముట్లు. జేమ్స్ షార్ట్ అనే పొరుగు రైతు వేలంలో 120 డాలర్లకు పాడుకుని, తీసుకెళ్ళి లింకన్‌కే తిరిగి ఇచ్చేశాడు. సభకు వెళ్ళడానికి ఒంటిమీద సరైన బట్టలు లేకపోతే, కోల్మన్ స్మూట్ అనే ఇంకో రైతు 200 డాలర్లు అప్పిచ్చాడు. దాంట్లో 60 డాలర్లతో సూటు కుట్టించుకుని అప్పటి రాజధాని వాండాలియాకు బయల్దేరాడు. వ్యాపారంలో సంపాదించి, ఆ డబ్బు ఎన్నికల్లో పెట్టి, గెలిచి, పెట్టింది రాబట్టుకోవడమనే దారి మనం చూస్తూనే ఉన్నాం. ఈయనకు పెట్టడానికి ఏమీ లేదు. ఊళ్ళోవాళ్ళే ఈయనమీద పెట్టారు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే అందరికీ బాగుంటుంది. కానీ నేను వాణిజ్యశాస్త్రం చెప్పినవాణ్ణి, పుస్తకంలో రెండో వైపు కూడా చూడాలి.

రెండోసారి గెలిచాక లింకన్ తన పార్టీవాళ్ళకు సభలో నాయకుడిలా ఎదిగాడు. వాళ్ళ జిల్లా నుంచి వచ్చిన తొమ్మిదిమంది సభ్యులూ సగటున ఆరడుగులవాళ్ళు, కలిపి కొలిస్తే 54 అడుగులని పేరు. ఆ తొమ్మిదిమందీ కలిసి 1837లో రాజధానిని తమ జిల్లాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చుకున్నారు. అదే సమావేశాల్లో ఒక పెద్ద బిల్లు పాసైంది. రాష్ట్రమంతా రైళ్ళు, రోడ్లు, నదుల బాగుసేత, అన్నీ ఒకేసారి. ఖర్చు కోటి డాలర్ల పైమాట, అంతా అప్పు. 1840 జనాభా లెక్కల్లో కూడా ఆ రాష్ట్రంలో ఉన్నది 4,76,000 మందే. లింకన్ దానికి గట్టిగా మద్దతిచ్చాడు. రాజధాని కోసం ఓట్లు ఇచ్చిపుచ్చుకున్నారని అప్పుడే ఆరోపణలొచ్చాయి.

2,90,000 డాలర్లంటే గుండె జారిన మనిషే ఐదేళ్ళలో కోటికి చెయ్యెత్తాడు! బిల్లు ఫిబ్రవరిలో పాసైతే, మేలో న్యూయార్క్ బ్యాంకులు కాగితం నోట్లకు బదులు నాణేలివ్వడం ఆపేశాయి. దేశమంతా ఆర్థిక సంక్షోభం. పనులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పట్టాలు పడింది ఒక్క చిన్న లైనుకే, అదీ తర్వాత కారుచౌకగా వేలంలో పోయింది. రాష్ట్రం వడ్డీ కూడా కట్టలేని స్థితికొచ్చింది. అసలు పూర్తిగా తీరడానికి 1880ల దాకా పట్టింది.

న్యూ సేలంలో నోటు రాసి కొట్టు కొన్నట్టే, వాండాలియాలో బాండ్లు రాసి రైళ్ళు కొన్నాడు. సరుకు అమ్ముడైతే అప్పు అదే తీరుతుందనే ఆశ రెండుచోట్లా ఒకటే. ఆ ఆశ మనకు తెలుసు. మా నాన్నగారికీ తెలుసు. తేడా ఏమిటంటే కొట్టు మునిగితే ఒక ఇల్లు మునుగుతుంది. శాసనసభలో చెయ్యెత్తితే, పుట్టని పిల్లల పేరుమీద కూడా పద్దు రాసినట్టే.

అయితే మునిగాక ఏం చేశాడన్నది చూడాలి. నాకు తెలియదు, పార్టీ చెప్పింది, అందరూ ఎత్తారు కాబట్టి ఎత్తాను అనలేదు. పన్నులు వెయ్యాలన్నాడు. అప్పటిదాకా ఎకరా 5 డాలర్ల భూమికీ 50, 100 డాలర్ల భూమికీ పన్ను ఒకటే. 1839లో విలువను బట్టి పన్ను వేసే చట్టం వచ్చింది. దీని బరువు పేదలమీద పడదు, కొద్దిమంది ధనికులమీదే పడుతుంది, కాబట్టి ఇది నిలుస్తుంది అని ఒక ఉత్తరంలో రాశాడు. ఓట్లు పోయే మాట అయినా చెప్పాడు.

ఇంకొక్క సంగతి. అదే 1837లో బానిసత్వ వ్యతిరేక సంఘాలను ఖండిస్తూ సభ తీర్మానం చేసింది. 77 మంది అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం. ఆ ఆరుగురిలో లింకన్ ఒకడు. అక్కడితో ఆగకుండా, బానిసత్వం అన్యాయమని మార్చి 3న డాన్ స్టోన్ అనే సభ్యుడితో కలిసి నిరసన రాసి రికార్డులో పెట్టించాడు. ఆ రోజుల్లో అక్కడ దానివల్ల ఒక్క ఓటు కూడా పెరగదు.

ఆ ఏప్రిల్‌లోనే అరువు తెచ్చుకున్న గుర్రంమీద స్ప్రింగ్‌ఫీల్డ్ చేరాడు, కొత్తగా లాయరు పని మొదలుపెట్టడానికి. రాజధానిని ఆ ఊరికి తెచ్చిన నాయకుల్లో ఒకడు. నేరుగా ఒక కొట్టుకెళ్ళి పరుపు, దుప్పట్లు ఎంతవుతాయని అడిగాడు. కొట్టు భాగస్వామి జాషువా స్పీడ్ లెక్కేసి 17 డాలర్లన్నాడు. "చవకే, కానీ నా దగ్గర లేవు. క్రిస్మస్ దాకా అరువివ్వండి. లాయరుగా నిలబడితే ఇస్తాను. నిలబడకపోతే ఎప్పటికీ ఇవ్వలేనేమో" అన్నాడు. ఆ మొహం చూసి స్పీడ్, మేడమీద నా మంచం పెద్దదే, ఇద్దరం సర్దుకోవచ్చు అన్నాడు. లింకన్ సంచులు తీసుకుని పైకెళ్ళి, అక్కడ పడేసి, కిందికొచ్చి, "స్పీడ్, నేను దిగిపోయాను" అన్నాడట. మూడోసారీ నాలుగోసారీ గెలిచింది కొట్టు మేడమీద గదిలో కాపురముంటూనే.

కొన్నాళ్ళకు పోస్టల్ శాఖ మనిషి పాత న్యూ సేలం పోస్టాఫీసు బాకీ వసూలుకు వచ్చాడు. మిత్రులు అప్పు ఇవ్వబోతే అక్కర్లేదని లింకన్ లోపలికెళ్ళి ఒక పాత మేజోడు తెచ్చి అందులోని నాణేలు బల్లమీద గుమ్మరించాడని, లెక్క సరిపోయిందని ఒక మిత్రుడు చెప్పాడు. తిండికి కటకటలాడిన రోజుల్లో కూడా ఆ నాణేలు ముట్టుకోలేదు.

ఆ 1,100 డాలర్ల మాటేమిటంటే, సర్వే డబ్బుల్లోంచి కొంత, లాయరు ఫీజుల్లోంచి కొంత, అలా కడుతూనే ఉన్నాడు. 1846లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికై, 1847లో వాషింగ్టన్ వెళ్ళాక కూడా, జీతంలోంచి డబ్బు మిగిల్చి ఆ పాత కొట్టు బాకీల కింద ఊరికి పంపేవాడని ఆయన లాయరు భాగస్వామి హెర్న్‌డన్ చెప్పాడు. కొట్టు మూతపడి అప్పటికి దాదాపు పదిహేనేళ్ళు. న్యూ సేలంలో కాపురాలు కూడా లేవు, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. పద్దు మాత్రం ఇంకా నడుస్తోంది.